హాని జరగకముందే ఆపే ఉద్యోగం: అమెరికా సైనిక స్థావరాల్లో నివారణ సిబ్బంది ఏం చేస్తారు?

2020 ఏప్రిల్ 22న టెక్సాస్ రాష్ట్రంలోని ఫోర్ట్ హుడ్ సైనిక స్థావరంలో వనెస్సా గియెన్ అనే ఇరవయ్యేళ్ల సైనికురాలు కనిపించకుండా పోయారు. స్థావరం లోపలే తోటి సైనికుడు ఆమెను హత్య చేశాడని బయటపడడానికి రెండు నెలలకు పైగా పట్టింది. అంతకుముందే తనకు లైంగిక వేధింపులు ఎదురవుతున్నాయని ఆమె ఇంట్లోవాళ్లకు చెప్పుకున్నారు, కానీ ఫిర్యాదు చేస్తే కక్ష కడతారనే భయంతో రాతపూర్వకంగా ఏమీ ఇవ్వలేదు. వేధించినది హంతకుడు కాదు, ఆమెకు పై అధికారి ఒకరు. ఆ సంగతి యూనిట్ నాయకుల చెవిన పడినా వారు తగిన చర్య తీసుకోలేదని సైన్యం 2021లో వెల్లడించిన సొంత విచారణలోనే తేలింది. 2020 డిసెంబరులో స్వతంత్ర సమీక్ష కమిటీ ఇచ్చిన నివేదిక మరింత తీవ్రంగా ఉంది. వేధింపుల నివారణ కార్యక్రమం ఫోర్ట్ హుడ్‌లో పేరుకే నడిచిందని, వేధింపులనూ అత్యాచారాలనూ సహించే వాతావరణం అక్కడ నెలకొందని కమిటీ రాసింది. ఆ నివేదిక వచ్చిన రోజే 14 మంది అధికారులపై తొలగింపు, సస్పెన్షన్ వేటు పడింది.

నేరస్తులను శిక్షించడం, బాధితులకు అండగా నిలవడం సైన్యానికి కొత్త కాదు. అవి సరిగా జరిగాయా లేదా అన్నది వేరే చర్చ. ఫోర్ట్ హుడ్ తరువాత ముందుకొచ్చిన ప్రశ్న వేరు. ఇలాంటి ఘటన జరగడానికి ముందు, ఆ వాతావరణం తయారవుతున్నప్పుడు, దాన్ని గమనించి మార్చడమే ఉద్యోగంగా ఉన్న మనిషి ఒక్కరైనా ఆ స్థావరంలో ఉన్నారా? లేరు. వేధింపుల నివారణ కార్యక్రమంలో ఉన్నవాళ్లలో చాలామంది వేరే డ్యూటీ చేస్తూ దీన్ని అదనపు పనిగా మోస్తున్నవాళ్లు. ఆ ఖాళీని పూరించడానికి అమెరికా రక్షణ శాఖ కొత్తగా ఒక ఉద్యోగ శ్రేణిని సృష్టించింది. దాని పేరు సమీకృత ప్రాథమిక నివారణ సిబ్బంది. 2025 తరువాత ఆ ఉద్యోగాల భవిష్యత్తు ప్రశ్నార్థకంగా మారడంతో అసలు వీళ్లు చేసే పనేమిటన్న చర్చ మళ్లీ మొదలైంది.

ఏవి హానికర ప్రవర్తనలు, ఎవరిది ఆ సమాజం

రక్షణ శాఖ విధానం ప్రకారం ఈ జాబితాలో లైంగిక దాడి, వేధింపు, ఫిర్యాదు చేసినవారిపై కక్ష సాధింపు, గృహహింస, పిల్లలపై హింస, ఆత్మహత్య ఉన్నాయి. ఆత్మహత్యను మిగతావాటి సరసన చేర్చడం చాలామందికి వింతగా తోస్తుంది. అది నేరం కాదు, అందులో నిందితుడు లేడు. అయినా వాటిని ఒకే చోట చేర్చడానికి బలమైన కారణం ఉంది. ఈ హానులకు దారితీసే పరిస్థితులు చాలావరకు ఉమ్మడివి: మితిమీరిన మద్యం, అప్పుల ఒత్తిడి, కుటుంబానికి దూరమైన ఒంటరితనం, కింది ఉద్యోగులను అవమానించే అధికారి, సాయం అడిగితే చేతకానివాడనే ముద్ర పడుతుందన్న భయం. అయిదు సమస్యలకు అయిదు ఆఫీసులు విడివిడిగా పనిచేస్తే, ఒకే మూలకారణాన్ని అయిదుగురూ అరకొరగా తాకుతారు, ఎవరూ దాన్ని పూర్తిగా పట్టుకోరు. 'సమీకృత' అనే విశేషణం వెనుక ఉన్న ఆలోచన ఇదే. 2020 సెప్టెంబరులో వచ్చిన రక్షణ శాఖ ఉత్తర్వు ఈ ఆలోచనను విధానంగా మార్చింది.

సైనిక సమాజం అంటే యూనిఫాం వేసుకున్నవాళ్లు మాత్రమే కాదు. స్థావరంలో సైనికుల భార్యలు, భర్తలు, పిల్లలు, పౌర ఉద్యోగులు కూడా ఉంటారు. బడి, ఆసుపత్రి, దుకాణం, ప్రార్థనా మందిరం అన్నీ కంచె లోపలే దొరుకుతాయి. ఇల్లు, ఉద్యోగం, స్నేహాలు ఒకే ఆవరణలో ఉన్న చోట ఒక దానిలో చెడిన సంబంధం మిగతావాటిలోకి పాకుతుంది. బయటి ఉద్యోగి పై అధికారితో పడకపోతే సాయంత్రం ఇంటికి వెళ్లి కాస్త ఊపిరి పీల్చుకుంటాడు. బ్యారక్స్‌లో ఉండే కుర్రాడికి ఆ వెసులుబాటు తక్కువ, ఎందుకంటే పై అధికారి నీడ అతడు పడుకునే గది దాకా వస్తుంది. దీనికి మరో పార్శ్వమూ ఉంది. ఎవరు ఎక్కడ ఉంటున్నారో, ఏ వేళకు ఏం చేస్తున్నారో తెలిసే సమాజంలో పరిస్థితులను మార్చే అధికారం కూడా ఒక చోట కూడి ఉంటుంది. సాధారణ నగరంలో మద్యం దుకాణం వేళలు మార్చాలంటే ఏళ్లు పడుతుంది. స్థావరంలో కమాండర్ సంతకం చాలు.

నివారణకూ స్పందనకూ మధ్య గీత

ప్రజారోగ్య శాస్త్రంలో నివారణను మూడు అంచెలుగా చెబుతారు. హాని జరగకముందే, దానికి దారితీసే పరిస్థితులను మార్చడం ప్రాథమిక నివారణ. ప్రమాద సూచనలు కనబడిన వెంటనే, లేదా హాని జరిగిన తక్షణమే జోక్యం చేసుకోవడం ద్వితీయ నివారణ. జరిగిపోయిన హాని ప్రభావం ఏళ్ల తరబడి వెంటాడకుండా చూడడం తృతీయ నివారణ. డెంగీ సోకినవారికి ఆసుపత్రిలో మంచం ఏర్పాటు చేయడం ఎంత అవసరమో, వీధిలో నిలిచిన నీటిని తీసేయడం అంతే అవసరం. రెండూ ఒకే మనిషి చేసే పనులు కావు, రెండింటికీ కావలసిన చదువు ఒకటి కాదు.

అమెరికా సైన్యంలో స్పందన వ్యవస్థ చాలాకాలంగా ఉంది. లైంగిక దాడుల విషయంలో 2005 నుంచి బాధితులకు రెండు దారులున్నాయి. దర్యాప్తు మొదలయ్యేలా ఫిర్యాదు చేయడం ఒకటి, దర్యాప్తు లేకుండా గోప్యంగా వైద్యమూ సలహా సాయమూ పొందడం రెండవది. గృహహింసకు కుటుంబ సంరక్షణ కార్యక్రమం ఉంది. మతాధికారులతో మాట్లాడిన మాటలకు పూర్తి గోప్యత ఉంటుంది. తీవ్రమైన మానసిక సంక్షోభంలో ఉన్న సైనికులకు, మాజీ సైనికులకు 988కి ఫోన్ చేసి 1 నొక్కితే మాట్లాడే మనిషి దొరుకుతారు. మన దేశంలో 14416 నంబరుతో నడిచే టెలి మానస్ అలాంటిదే. సాయుధ దళాల కోసం పుణెలోని సైనిక వైద్య కళాశాలలో 2023 డిసెంబరులో దానికి ప్రత్యేక విభాగం కూడా ప్రారంభమైంది.

నివారణ ఉద్యోగి వీటిలో ఏదీ చేయరు. ఫిర్యాదులు తీసుకోరు, కౌన్సెలింగ్ ఇవ్వరు, కేసుల వెంట తిరగరు. ఎవరైనా వచ్చి బాధ చెప్పుకుంటే సరైన చోటికి దారి చూపిస్తారు, అంతే. ఈ గీత మొదట కాస్త కఠినంగా అనిపించవచ్చు, కానీ అది అనుభవం నేర్పిన జాగ్రత్త. ఎదురుగా ఏడుస్తున్న మనిషి ఉన్నప్పుడు, ఆరు నెలల తరువాత ఫలితమిచ్చే పని ఎప్పుడూ వెనక్కే పోతుంది. రెండూ ఒకరికే అప్పగించిన చోటల్లా స్పందన నివారణను మింగేసింది.

ఈ ఉద్యోగం ఎలా పుట్టింది

2021 ఫిబ్రవరిలో అప్పటి రక్షణ మంత్రి లాయిడ్ ఆస్టిన్ సైన్యంలో లైంగిక దాడులపై స్వతంత్ర సమీక్ష కమిషన్‌ను ఏర్పాటు చేశారు. లిన్ రోజెంతాల్ అధ్యక్షతన పనిచేసిన ఆ కమిషన్ అదే ఏడాది వేసవిలో 82 సిఫారసులు చేసింది. బాధ్యుల శిక్ష, నివారణ, యూనిట్ వాతావరణం, బాధితుల సంరక్షణ అనే నాలుగు భాగాల్లో అవి ఉన్నాయి. వార్తల్లో ఎక్కువగా నలిగింది మొదటి భాగమే. లైంగిక దాడి కేసుల్లో విచారణ జరపాలా వద్దా అనే నిర్ణయాన్ని కమాండర్ల చేతిలోంచి తీసి స్వతంత్ర సైనిక ప్రాసిక్యూటర్లకు ఇవ్వాలన్నది దాని సారాంశం. 2021 డిసెంబరులో సంతకమైన రక్షణ చట్టం దానికి చట్టరూపమిచ్చింది, 2023 డిసెంబరు 28 నుంచి అది అమల్లోకి వచ్చింది.

రెండవ భాగం పెద్దగా చప్పుడు లేకుండా సాగింది. పూర్తికాలం నివారణ మీదే పనిచేసే, దానికి శిక్షణ పొందిన సిబ్బంది కావాలని కమిషన్ అడిగింది. 2022 డిసెంబరు 20న వచ్చిన మరో ఉత్తర్వు ఈ సిబ్బంది అర్హతలను, బాధ్యతలను, వారితో కలిసి నాయకులు చేయాల్సిన పనులను నిర్వచించింది. కొన్నేళ్లలో మొత్తం 2,000 మందికి పైగా నియమించాలన్నది లక్ష్యం. వీరిలో అధికశాతం పౌర ఉద్యోగులు. ప్రజారోగ్యం, మనస్తత్వశాస్త్రం, సామాజిక సేవ, గణాంకాలు చదివినవారికి ఇవి సరిపడే ఉద్యోగాలు. అమెరికాలో ప్రజారోగ్యంలో పీజీ చేస్తున్న తెలుగు విద్యార్థులు తరచూ అడుగుతుంటారు కాబట్టి ఇక్కడే చెప్పడం మంచిది: ఇవి ఫెడరల్ ప్రభుత్వ ఉద్యోగాలు, సాధారణంగా అమెరికా పౌరసత్వం ఉన్నవారికే దక్కుతాయి.

ఒక బెటాలియన్‌ను తీసుకుని చూద్దాం

పని స్వభావం అర్థం కావాలంటే ఒక ఊహాజనిత ఉదాహరణ మేలు. 600 మంది ఉన్న ఒక బెటాలియన్‌కు నివారణ ఉద్యోగిని ఒకామె వచ్చి చేరారనుకుందాం. ఆమె మొదట చేసే పని శిక్షణ తరగతి పెట్టడం కాదు, సమాచారం పోగుచేయడం. సైనికులు ఏటా పేరు చెప్పకుండా నింపే యూనిట్ వాతావరణ సర్వే ఆమెకు మొదటి ఆధారం. దానికి తోడు సైనిక పోలీసుల రికార్డు, మద్యం కేసులు, ఆసుపత్రి నుంచి వచ్చే మొత్తం అంకెలు ఉంటాయి. వ్యక్తుల పేర్లు ఆమెకు అక్కర్లేదు, ఎక్కడ, ఎప్పుడు, ఎలాంటివారి మధ్య అన్నదే కావాలి.

ఆ కాగితాలన్నీ పక్కపక్కన పెడితే ఒక చిత్రం కనబడిందనుకుందాం. ఘర్షణలూ వేధింపుల ఫిర్యాదులూ ఎక్కువగా శుక్ర, శనివారాల రాత్రి బ్యారక్స్‌లో జరుగుతున్నాయి. బాధితుల్లో ఎక్కువమంది యూనిట్‌కు వచ్చి మూడు నెలలు కూడా కానివారు. వాళ్లు వచ్చే వారాల్లోనే బెటాలియన్ క్షేత్ర శిక్షణకు వెళ్తోంది, కొత్తవాళ్లు మాత్రం వెనుక మిగిలిపోతున్నారు, వాళ్లను పట్టించుకునే సార్జెంట్ అంటూ ఎవరూ ఉండడం లేదు. సర్వేలో 'సమస్య వస్తే ఎవరిని కలవాలో తెలుసు' అన్న వాక్యానికి కొత్తవారు వేసిన మార్కులు అట్టడుగున ఉన్నాయి. ఆమె స్వయంగా బ్యారక్స్ మెట్లెక్కి చూస్తే రెండో అంతస్తు నడవాలో లైట్లు వెలగడం లేదు, నాలుగు గదుల తలుపులకు తాళం పడడం లేదు. మరమ్మతు కోరుతూ పెట్టిన కాగితం నెలల తరబడి అలాగే పడి ఉంది.

తాళాల విషయం కల్పన కోసం చేర్చింది కాదు. అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ 2023 సెప్టెంబరులో ఇచ్చిన నివేదికలో బ్యారక్స్ దుస్థితిని వివరిస్తూ మురుగునీరు పొంగడం, గోడలకు బూజు పట్టడంతో పాటు విరిగిన తాళాలను కూడా ప్రస్తావించింది.

ఇప్పుడు ఆమె కమాండర్ ముందు పెట్టే ప్రణాళికలో నాలుగు స్థాయిలుంటాయి. వ్యక్తి స్థాయిలో, కొత్తగా వచ్చినవారికి ఒత్తిడిని తట్టుకునే నైపుణ్యాలు నేర్పాలి. సంబంధాల స్థాయిలో, ప్రతి కొత్త సైనికుడికీ వచ్చిన రోజు నుంచే తోడుగా ఒక సీనియర్‌ను కేటాయించాలి, చిన్న బృందాల్లో 'పక్కవాడికి తేడాగా అనిపిస్తే ఎలా కల్పించుకోవాలి' అన్నది మాటలతో కాక అభ్యాసంతో నేర్పాలి. యూనిట్ స్థాయిలో, వారాంతపు రాత్రుల్లో నిర్ణయాధికారం ఉన్న సార్జెంట్ బ్యారక్స్‌లో ఉండాలి, తాళాలూ లైట్లూ వారంలో బాగుపడాలి, క్షేత్ర శిక్షణ సమయంలో కొత్తవారిని ఒంటరిగా వదలకూడదు. నాలుగవది చట్టాల, విధానాల స్థాయి, అది బెటాలియన్ చేతిలో ఉండదు. దానికి మంచి ఉదాహరణ 2006లో వచ్చిన సైనిక రుణాల చట్టం. సైనికులకూ వారి కుటుంబాలకూ ఇచ్చే అనేక రకాల అప్పులపై ఏడాదికి 36 శాతం మించి వడ్డీ వసూలు చేయకూడదని అది కట్టడి చేసింది. స్థావరం గేటు ఎదుట దుకాణం తెరిచి జీతం రాకముందే అప్పులిచ్చి పీల్చిపిప్పి చేసే వ్యాపారాన్ని అది దెబ్బకొట్టింది. నివారణ అనే మాట వినగానే ఎవరికీ వడ్డీ రేటు గుర్తురాదు, కానీ రావాలి.

ఈ ప్రణాళికలో సగానికి పైగా అంశాలకు సైనికులను కూర్చోబెట్టి పాఠం చెప్పాల్సిన పనే లేదు. ఆడిటోరియంలో అయిదు వందల మందిని కూర్చోబెట్టి గంటసేపు స్లైడ్లు చూపించే పద్ధతితో లైంగిక హింస తగ్గుతుందనడానికి పరిశోధనల్లో ఆధారం దొరకలేదు. అయినా చాలా యూనిట్లలో నివారణ అంటే అదే. హాజరు పట్టీలో సంతకాలుంటే కార్యక్రమం జరిగినట్టు లెక్క. ఈ ఉద్యోగంలో అన్నిటికన్నా కష్టమైన భాగం సమాచార విశ్లేషణ కాదు, ఆ లెక్క తప్పని కమాండర్‌ను ఒప్పించడం అని నా అభిప్రాయం.

ఓడలో ఉన్న సమస్య మనసుదా, పరిస్థితిదా?

వాతావరణాన్ని మార్చడం, మనిషిని దృఢంగా చేయడం అనే రెండు ఆలోచనల మధ్య ఘర్షణ ఎలా ఉంటుందో విమానవాహక నౌక జార్జ్ వాషింగ్టన్ ఉదంతం చూపిస్తుంది. అణు ఇంధనం మార్చి ఓడను పూర్తిగా మరమ్మతు చేసే పని 2017లో వర్జీనియాలోని న్యూపోర్ట్ న్యూస్ షిప్‌యార్డులో మొదలైంది. నాలుగేళ్లలో పూర్తి కావలసిన పని 2023 మే దాకా సాగింది. ఆ మధ్యలో వందల మంది యువ నావికులు అదే ఓడలో నివసించారు. పగలూ రాత్రీ యంత్రాల మోత, వేడినీళ్లు రాని రోజులు, కరెంటు కోతలు, కారు ఎక్కడో దూరాన నిలిపి రావలసిన తిప్పలు ఉండేవి. సముద్రంలోకి వెళ్లాలని నౌకాదళంలో చేరిన పిల్లలు తమ మొదటి ఉద్యోగకాలమంతా రేవులో కట్టేసిన ఓడలోనే గడిపారు. 2022 ఏప్రిల్‌లో ఒక వారం వ్యవధిలో ఆ ఓడ సిబ్బందిలో ముగ్గురు ఆత్మహత్య చేసుకున్నారు.

ఆ మూడు మరణాలకూ పరస్పర సంబంధం లేదని నౌకాదళ విచారణ తేల్చింది. ఆత్మహత్యకు ఒకే కారణం చూపడం ఎప్పుడూ తప్పే అవుతుంది కాబట్టి ఆ జాగ్రత్త సరైనదే. కానీ మరణాల తరువాత నౌకాదళం చేసిన మొదటి పనుల్లో ఒకటి రెండు వందల మందికి పైగా నావికులను ఓడ నుంచి బయటి వసతికి తరలించడం. 2023లో వచ్చిన రెండవ నివేదిక షిప్‌యార్డుల్లో బతుకు పరిస్థితుల మీదే దృష్టి పెట్టింది. మానసిక నిపుణులను ఓడకు పంపడం స్పందన. కొత్త నావికుడు నిద్రపోగలిగే గది ఇవ్వడం ప్రాథమిక నివారణ. అది మూడు ప్రాణాలు పోకముందే జరగవలసింది.

ఫలితాన్ని కొలవడంలో ఉన్న చిక్కు

నివారణ పనిచేస్తుందనడానికి సైన్యంలోనే ఒక పేరున్న ఆధారం ఉంది. అమెరికా వైమానిక దళం 1996లో 11 అంశాల ఆత్మహత్య నివారణ కార్యక్రమం ప్రారంభించింది. అందులో వైద్యం ఒక భాగం మాత్రమే. నాయకులు స్వయంగా మాట్లాడడం, సాయం కోరినవారి కెరీర్ చెడకుండా చూడడం, వివిధ విభాగాలు కలిసి పనిచేయడం వంటివి మిగతావి. 2003లో ఒక బ్రిటిష్ వైద్య పత్రికలో ప్రచురితమైన అధ్యయనం ఆ కార్యక్రమం తరువాత ఆత్మహత్యల ముప్పు 33 శాతం తగ్గినట్టు చూపింది. తీవ్రమైన కుటుంబ హింస, హత్యలు కూడా తగ్గాయి. ఉమ్మడి మూలాలను తాకితే ఉమ్మడి ఫలితం వస్తుందన్న వాదనకు ఇది బలం. అయితే ఇది కొన్ని యూనిట్లలో అమలుచేసి మరికొన్నిటిలో ఆపి పోల్చిన ప్రయోగం కాదు, ముందు కాలాన్ని తరువాతి కాలంతో పోల్చిన పరిశీలన. దాని పరిమితులు దానికున్నాయి.

ఒక్కొక్క యూనిట్‌కు దిగితే లెక్క ఇంకా కష్టం. 2023లో పూర్తికాల విధుల్లో ఉన్న అమెరికా సైనికుల్లో 363 మంది, రిజర్వు, నేషనల్ గార్డ్ దళాలతో కలిపితే మొత్తం 523 మంది ఆత్మహత్య చేసుకున్నారు. పూర్తికాల సైనికుల్లో ఆ రేటు లక్షకు సుమారు 28. పైన చెప్పుకున్న 600 మంది బెటాలియన్‌కు ఆ రేటు వర్తింపజేస్తే ఏడాదికి 0.17, అంటే సగటున ఆరేళ్లకు ఒక మరణం. మన నివారణ ఉద్యోగిని మూడేళ్లు పనిచేసి వెళ్లిపోతే, ఆ కాలంలో మరణం జరగకపోవడం ఆమె గొప్పతనమూ కాదు, ఒకటి జరిగితే ఆమె వైఫల్యమూ కాదు. అంకె అంత చిన్నది. ఆమె పనిని కొలవాలంటే మధ్యంతర సూచికలు చూడాలి: తాళాలు బాగుపడ్డాయా, కొత్తవారికి తోడు దొరికిందా, వచ్చే ఏడాది సర్వేలో ఆ వాక్యానికి మార్కులు పెరిగాయా?

ఫిర్యాదుల సంఖ్య మరో ఉచ్చు. రెండేళ్లకోసారి జరిగే అజ్ఞాత సర్వే ఆధారంగా, 2021లో సుమారు 35,900 మంది సైనికులు ఇష్టం లేని లైంగిక చర్యకు గురయ్యారని రక్షణ శాఖ అంచనా వేసింది. మహిళల్లో అది 8.4 శాతం, పురుషుల్లో 1.5 శాతం. 2023లో అంచనా సుమారు 29,000కు తగ్గింది, మహిళల్లో 6.8 శాతం, పురుషుల్లో 1.3 శాతం. వీరిలో ఫిర్యాదు చేసినవారు 2021లో అయిదుగురిలో ఒకరు, 2023లో నలుగురిలో ఒకరు. ఇప్పుడు ఒక చిన్న స్థావరాన్ని ఊహించండి. మొదటి ఏడాది 100 ఘటనలు జరిగి 20 శాతం మంది ఫిర్యాదు చేస్తే ఫిర్యాదులు 20. కొన్నేళ్లకు ఘటనలు 80కి తగ్గి, నమ్మకం పెరిగి 30 శాతం మంది ముందుకొస్తే ఫిర్యాదులు 24. హాని అయిదో వంతు తగ్గింది, కానీ పత్రికలో 'ఫిర్యాదులు 20 శాతం పెరిగాయి' అని వస్తుంది. దీనికి తలకిందులైన పరిస్థితి మరింత ప్రమాదకరం. ఫిర్యాదులు సున్నా అయిన యూనిట్‌ను చూసి సంతోషించే కమాండర్, భయంతో నోరు మూసుకున్న యూనిట్‌ను చూస్తున్నాడేమో ఎవరికి తెలుసు?

అభిప్రాయాలు ఎక్కడ వేరుపడుతున్నాయి

కమాండర్లలో కొందరి అభ్యంతరం తేలిగ్గా తోసిపుచ్చదగింది కాదు. యుద్ధానికి సిద్ధం చేయాల్సిన సమయంలో తప్పనిసరి శిక్షణల భారం ఏటా పెరుగుతోందని, ఇప్పటికే ఉన్న లైంగిక దాడుల నివారణ విభాగం, కుటుంబ సంరక్షణ విభాగం, మతాధికారులు, కుటుంబ సలహాదారులకు తోడు మరో ఆఫీసు వచ్చి కూర్చుందని వారు అంటారు. యూనిట్ వాతావరణం తన బాధ్యత అయినప్పుడు దాన్ని బయటి పౌర ఉద్యోగి అంచనా వేయడమేమిటని మరికొందరి ప్రశ్న. సమర్థకుల జవాబు ఇది: బాధ్యత కమాండర్‌దే, కానీ ట్యాంకులు ఎంత బాగా తెలిసిన అధికారికైనా గణాంకాలు చదివి మూలకారణం పట్టే శిక్షణ లేదు. ఫిరంగుల లెక్కకు నిపుణుణ్ని పక్కన పెట్టుకున్నప్పుడు దీనికి ఎందుకు కూడదు? ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది. కమాండర్ కోరుకోని చోట నివారణ ఉద్యోగి చేయగలిగేది పోస్టర్లు అంటించడమే.

తుపాకుల విషయంలో విభేదం మరింత లోతైనది. సైనికుల ఆత్మహత్యల్లో మూడింట రెండు వంతుల్లో తుపాకీ ఉంటోంది, అందులోనూ ఎక్కువగా సొంత తుపాకీ. 2022లో ఏర్పడిన ఆత్మహత్య నివారణ సమీక్ష కమిటీ 2023 ఫిబ్రవరిలో 127 సిఫారసులతో నివేదిక ఇచ్చింది. స్థావరాల దుకాణాల్లో తుపాకీ కొనే కనీస వయసును 25కు పెంచాలని, కొన్న తరువాత చేతికి అందే ముందు ఏడు రోజుల వ్యవధి ఉండాలని అందులో ఉంది. సంక్షోభ క్షణానికీ ఆయుధానికీ మధ్య కొంత కాలం, కొంత దూరం ఉంటే ప్రాణాలు నిలుస్తాయన్నది ఆత్మహత్య నివారణలో గట్టి ఆధారాలున్న సూత్రాల్లో ఒకటి. మరోవైపు, దేశం కోసం ఆయుధం మోయడానికి పనికొచ్చిన 19 ఏళ్ల సైనికుడు సొంతంగా తుపాకీ కొనడానికి పనికిరాడని చెప్పడం న్యాయం కాదన్న వాదన ఉంది. సైనికుల సొంత ఆయుధాల వివరాలు సేకరించడంపై అమెరికా పార్లమెంటు అయిన కాంగ్రెస్ 2011 రక్షణ చట్టంలోనే ఆంక్షలు పెట్టింది. సైనికుడు తనకు గానీ ఇతరులకు గానీ హాని చేసుకునే ప్రమాదం ఉందని నమ్మడానికి కారణం ఉంటే అడగవచ్చని తరువాత సడలించింది. 2023 సెప్టెంబరులో ఆస్టిన్ ఆమోదించిన 83 సిఫారసుల్లో వయసు పెంపు, ఏడు రోజుల వ్యవధి లేవు. సురక్షితంగా దాచుకోవడంపై అవగాహన కల్పించే దారినే శాఖ ఎంచుకుంది.

మూడవ విభేదం సామూహిక ఆంక్షల గురించి. ఒకినావా దీవిలో అమెరికా సైనికులపై లైంగిక నేరాల ఆరోపణలు వచ్చాక, 2024 అక్టోబరు 1 నుంచి జపాన్‌లోని అమెరికా దళాలు తమ సైనికులు రాత్రి ఒంటి గంట నుంచి అయిదు గంటల వరకు స్థావరం బయటి బార్లలో ఉండకూడదని నిషేధించాయి. మద్యం, వేళ, చోటు అనే మూడు పరిస్థితులను ఒకేసారి మార్చే చర్య కాబట్టి నివారణ దృష్టితో దానికి తర్కం ఉంది. కొద్దిమంది చేసిన నేరానికి అందరినీ కట్టేస్తున్నారన్న అసంతృప్తి సైనికులది. ఇన్నేళ్లుగా ఇలాంటి ఆంక్షలు ఎన్ని వచ్చినా నేరాలు ఆగలేదన్న ఆవేదన ఒకినావా ప్రజలది. ఇక్కడ నివారణ సిబ్బంది తేల్చాల్సిన ప్రశ్న ఆంక్ష మంచిదా చెడ్డదా అన్నది కాదు, అది ఘటనలను తగ్గిస్తోందా లేక మరో చోటికి, ఇళ్లలోకీ బ్యారక్స్‌లోకీ నెడుతోందా అన్నది.

2025 తరువాత

2025 ఫిబ్రవరి 28న రక్షణ మంత్రి పీట్ హెగ్సెత్ శాఖలో పౌర నియామకాలను నిలిపివేశారు. నివారణ ఉద్యోగాలు ప్రధానంగా పౌర ఉద్యోగాలే కావడంతో ఆ దెబ్బ వీటికీ తగిలింది. అదే ఏడాది సెప్టెంబరు 30న వర్జీనియాలోని క్వాంటికో సైనిక స్థావరంలో జరిగిన జనరళ్ల సమావేశంలో ఆయన తప్పనిసరి శిక్షణలను తగ్గిస్తామని, విషపూరిత నాయకత్వం, బెదిరింపు, ర్యాగింగ్ వంటి మాటల నిర్వచనాలను సమీక్షిస్తామని, ఫిర్యాదుల ప్రక్రియను మారుస్తామని ప్రకటించారు. కఠినంగా ఉండాల్సిన సార్జెంట్లు ప్రతి మాటకూ ఫిర్యాదు వస్తుందేమోనన్న భయంతో పనిచేస్తున్నారని, అది క్రమశిక్షణను దెబ్బతీస్తోందని ఆయన పక్షం వారు అంటారు. ఆధారం లేని ఫిర్యాదుతో ఏళ్ల తరబడి పదోన్నతి ఆగిపోయిన అధికారుల బాధ కూడా నిజమైనదే. విమర్శకులు మాత్రం నిర్వచనాలు వదులైతే మొదట మూగబోయేది గియెన్ లాంటి కింది స్థాయి సైనికులేనని హెచ్చరిస్తున్నారు.

ఈ వాదనలో శిక్షణ తగ్గించడాన్నీ నివారణ తగ్గించడాన్నీ ఒకటిగా చూడడం రెండు వైపులా జరుగుతున్న పొరపాటు. స్లైడ్ల గంటలు తగ్గితే నివారణ శాస్త్రానికి పోయేదేమీ లేదు. ఆ శాస్త్రమే వాటిని తగ్గించమంటోంది. పోయేది ఎక్కడంటే, సర్వే ఫలితాలు చదివి, పోలీసు రికార్డుతో సరిచూసి, బ్యారక్స్ మెట్లెక్కి తాళాలు తిప్పి చూసే మనిషి లేనప్పుడు. బెటాలియన్ కమాండర్ సాధారణంగా రెండేళ్లకు బదిలీ అవుతాడు, సార్జెంట్లు మారుతుంటారు, సైనికులు వచ్చి పోతుంటారు. ఆ స్థావరంలో అయిదేళ్ల అంకెలను వరుసగా చూసి, గత కమాండర్ మొదలుపెట్టిన పని ఏమైందో కొత్తాయనకు చెప్పగలిగేది స్థిరంగా ఉండే పౌర ఉద్యోగి మాత్రమే. ఆ కుర్చీ ఖాళీగా ఉన్న చోట ప్రతి కమాండరూ మళ్లీ మొదటి నుంచి, తరచుగా ఏదో ఒక ఘటన జరిగాకే, మొదలుపెట్టవలసి వస్తుంది.